నాడి దొరకని చెయ్యి

ఆ మంగళవారం పొద్దున ఆకాశం తెల్లవారడం మొదలుపెట్టి మధ్యలో మానేసింది. ఐదున్నరకి తూర్పున చారెడు వెలుగు కనబడింది. ఆరింటికల్లా అదీ మబ్బులోకి పోయింది. వాన లేదు. గాలి లేదు. ఏడింటప్పుడు పట్టాభిరామయ్య లైటు వేసుకుని గడ్డం గీసుకుంటుంటే ఫోను మోగింది.

"పెర్సిస్ టీచరుగారు పోయారండి." మేడిలంక బడి హెడ్మాస్టరు గొంతు అది. "రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదటండి. శనివారం మిమ్మల్ని కలిశానని నాతో అన్నారు. అందుకని చేశాను."

"ఎవరు చూశారు?"

"ఆరెంపీ నిత్యానందంగారండి. ఆరింటికి వచ్చి ప్రాణం లేదన్నారు. తాడేపల్లిగూడెం నుంచి చెల్లెలు రావాలి. ఆవిడ వచ్చి ముఖం చూశాక, పన్నెండింటికి సమాధి చేస్తారండి."

పట్టాభిరామయ్య సగం గీసిన గడ్డంతోనే మంచం మీద కూర్చున్నాడు.

ఇరవై ఆరేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబులుగానే మానేసి, ఏలూరులో ఒక గది అద్దెకి తీసుకుని సొంతంగా దర్యాప్తులు చేసుకుంటున్న మనిషి అతను. చావుకబుర్లు కొత్త కాదు. కాని శనివారం పట్టుకున్న ఆ చేతిని అతని వేళ్ళు ఇంకా మరిచిపోలేదు.

శనివారం సాయంత్రం ఆవిడ వచ్చి, బల్లకి అటువైపు కూర్చుని, పేరు కూడా చెప్పకుండా ముందు ఎడమ చెయ్యి చాపింది.

"నాడి చూడండి."

చూశాడు. దొరకలేదు. కుడి చెయ్యి చాపింది. అదీ అంతే. చల్లటి చెయ్యి. చర్మం కింద ఏదీ కదలదు. ఎదురుగా మనిషి మాత్రం కళ్ళు ఆర్పుతూ నవ్వుతోంది. పట్టాభిరామయ్య తన వేళ్ళు వెనక్కి తీసుకుని పంచెకి తుడుచుకున్నాడు. ఎందుకు తుడుచుకున్నాడో తనకే తెలియలేదు.

"ఏడో తరగతికి నాడి పాఠం చెప్పానండి. నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టమన్నాను. పిల్లలందరికీ వచ్చింది. నాకే రాలేదు. ఒక పిల్ల నా చెయ్యి పట్టుకుని చూసి, మీరు చచ్చిపోయారా టీచరుగారూ అంది." ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "బోర్డు మీద రాస్తుంటే చెయ్యి లాగేస్తోంది. కళ్ళు తిరుగుతున్నాయి. డాక్టరుగారు సీటీ స్కాను తీయించమన్నారు. బుధవారం తీశారు. ఇవాళ ఫిల్ము కోసం వెళితే, నిన్ననే మీవాళ్ళు పట్టుకెళ్ళారన్నారు. నేనెవర్నీ పంపలేదండి. ఎవరో కనుక్కోండి."

"మీ ఫిల్ము ఎవరికి పనికొస్తుంది?"

"అదే నాకూ భయంగా ఉంది. గురువారం కోర్టుంది."

ఆవిడ భర్త మత్తయి చేపల చెరువు కాపలాదారు. కిందటేడు ఇదే ఆగస్టులో చెరువులో తేలాడు. కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. ఆవిడ ఏడాదిపాటు అర్జీలు పెట్టి పెట్టి ఆ కేసుని మళ్ళీ లేపింది.

"ఆ రాత్రి ఆయన ఇంకో మనిషితో కలిసి పడవలో వెళ్ళారండి. చీకట్లో పోలిక తెలియలేదు. తెల్లారేసరికి ఆయన నీళ్ళలో ఉన్నారు. పడవ మా రేవులో కట్టేసి ఉంది. ఆ తాడు ముడి చూశాక రెండో మనిషి ఎవరో నాకు తెలిసింది."

"ఎవరు?"

"జడ్జిగారి ముందే చెబుతానండి. ముందే చెబితే ఒక ముసలమ్మ అన్నం మానేస్తుంది. ఈ నాలుగు రోజులైనా తిననివ్వండి."

సోమవారం స్కాన్ సెంటరుకి వెళ్ళి కనుక్కుంటానన్నాడు పట్టాభిరామయ్య. సోమవారం వేరే పని పడింది. వెళ్ళలేదు.

*

స్కాన్ సెంటరు తలుపు ఎనిమిదిన్నరకి తీశారు. కౌంటరులో నెల్సన్ అనే కుర్రాడు రిజిస్టరు తిప్పి చూపించాడు.

"ఇదిగోండి. శుక్రవారం సాయంత్రం నాలుగూ ఇరవై. వాళ్ళ ఆయనే వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళారు."

సంతకం చోట పి. మత్తయి అని ఉంది.

"మత్తయి పోయి ఏడాది అయింది," అన్నాడు పట్టాభిరామయ్య.

నెల్సన్ చేతిలోని పెన్ను జారి బల్ల కింద పడింది. వంగి తీసుకోలేదు.

"మనిషి ఎలా ఉన్నాడు?"

"వాన కదండీ, తలకీ ముఖానికీ తువ్వాలు చుట్టేసుకున్నాడు. ఒంటి మీంచి చేపల మేత వాసన వచ్చింది. ఈ చుట్టుపక్కల సగంమందికి అదే వాసనండి."

"ఏం మాట్లాడాడు?"

"ఏం మాట్లాడలేదండి. నేనే చెప్పాను, ఇకమీదట ఎవరు చూసినా చేతికి బీపీ కట్టొద్దనండి, కాలికి కట్టమనండి, చేతిలో దొరకదు అని. మా డాక్టరు మేడంగారు చెప్పమన్నారు. ఆయన మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. చేతిలో అసలు దొరకదా అనడిగాడు. అసలు దొరకదన్నాను. దండం పెట్టి వెళ్ళాడండి."

లోపలి గదిలో డాక్టరు నిర్మల కంప్యూటరు ముందు కూర్చుంది. తెర మీద బూడిదరంగులో ఒక మనిషి, అడ్డంగా తరిగిన ముక్కలుగా కనబడుతోంది. ఆవిడ మౌసు తిప్పుతుంటే ఒక్కొక్క ముక్కా మెడ నుంచి కిందికి దిగింది.

"ఇది బృహద్ధమని. గుండెలోంచి బయల్దేరే పెద్దకాలవ అనుకోండి. రంగుమందు ఎక్కించి తీశాం కనక రక్తం పారేచోటు తెల్లగా ఉంది. దాని చుట్టూ బూడిదరంగు కట్టు కనబడుతోందా? అంత మందం ఉండకూడదు. గోడ వాచింది. చాలా అరుదైన జబ్బు. పదిహేనేళ్ళలో నేను చూసింది ఇది రెండోది."

పట్టాభిరామయ్య తెర దగ్గరికి వంగాడు. "ఈ రెండు పిల్లకాలవలూ పూడిపోయినట్టున్నాయి."

"పూడిపోయాయి. అవి చేతులకి వెళ్ళేవి. వాపు ముదిరి మూసుకుపోయాయి. రక్తం పక్కనించి సన్నసన్న దారులు చేసుకుని చేరుతోంది. చెయ్యి బతికే ఉంటుంది. నాడి కొట్టదు. చల్లగా ఉంటుంది. బీపీ మిషను కడితే సున్నా చూపిస్తుంది. కాళ్ళకి వెళ్ళే దారి మాత్రం శుభ్రంగా ఉంది, చూడండి."

"ఉన్నట్టుండి పోయే జబ్బా అమ్మా?"

"ఇవాళో రేపో పోయేది కాదు. మందులున్నాయి. ఏం, ఆవిడ రాలేదేం?"

"పొద్దున పోయిందన్నారు."

నిర్మల మౌసు వదిలేసింది. "ఎవరన్నారు?"

"ఊరి ఆరెంపీ."

"ఏం చూసి?"

పట్టాభిరామయ్య తన ఎడమచేతి మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు పెట్టి చూపించాడు.

తెర మీద పెర్సిస్ గుండె ముక్క, తెల్లగా, కదలకుండా ఉంది.

"గుండె వినలేదా?" అంది నిర్మల.

"ఆడమనిషి ఛాతీ మీద స్టెత్తు పెట్టడమ్మా మా వైపు ఆరెంపీ. పదిమంది చూస్తుంటే అసలు పెట్టడు."

"ఎవరైనా మత్తుమాత్రలు ఇచ్చి ఉంటే ఊపిరి కూడా పైకి తెలియనంత నెమ్మదిస్తుంది." ఆవిడ లేచి నిలబడింది. "ఆవిడ బతికుందని నేను అనడం లేదు. చెయ్యి చూసి చచ్చిపోయిందని చెప్పడానికి లేదంటున్నాను."

గోడ మీద గడియారం తొమ్మిదీ పది.

పట్టాభిరామయ్య హెడ్మాస్టరుకి రెండుసార్లు చేస్తే ఫోను కలవలేదు. మూడోసారి ఎస్సై దుర్గాసాయికి చేశాడు.

"నేనిక్కడే ఉన్నాను పట్టాభిగారూ," అన్నాడు దుర్గాసాయి. నాలుగేళ్ళ కిందట అతని కిందే పట్టాభిరామయ్య హెడ్డుగా పనిచేశాడు. ఒక కేసు ఎలా రాయాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది. "కోర్టు సాక్షి కదా, నేనే వచ్చి చూశాను. సహజ మరణం. ఏ అనుమానం లేదు."

"సమాధి ఆపండి. ఆవిడకి చేతుల్లో నాడి ఎప్పుడూ లేదండి."

"చచ్చినవాళ్ళకి ఉండదు మరి," అని నవ్వి ఫోను పెట్టేశాడు.

పట్టాభిరామయ్య 108కి చేశాడు. పేషెంటు పరిస్థితి ఏమిటని అడిగింది అవతలి అమ్మాయి.

"తెలియదమ్మా. పదకొండున్నరకి మేడిలంక బల్లకట్టు దగ్గర బండి ఉంచండి. దుప్పట్లు ఎక్కువ తెమ్మనండి."

*

పదకొండూ ఐదుకి మోటారుసైకిలు బల్లకట్టు దిగింది.

ఇంటిముందు పందిరి కింద పొడవాటి బల్ల. బల్ల కింద, చేపలకి వాడే ఐసు దిమ్మలు ఆరు, ఊకలో కప్పి ఉన్నాయి. పట్నంలోలాగ శవాన్ని ఉంచే అద్దాలపెట్టె ఇక్కడ దొరకదు. దూరం నుంచి రావలసినవాళ్ళుంటే మేడిలంకలో ఇంతే చేస్తారు. ఈగలు వాలకుండా నాలుగు కర్రలు నాటి, పైన తెల్లటి పాలిథిన్ పట్టా కప్పారు. పట్టా కింద పెర్సిస్. గడ్డం కింది నుంచి తలమీదికి గుడ్డ కట్టి ఉంది. మెడ కూడా ఆ గుడ్డలోనే చుట్టేశారు. కాళ్ళు చీలమండల దాకా చుట్టి, బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టారు.

ఆడవాళ్ళు పాట పాడుతున్నారు. పట్టాభిరామయ్య చెప్పులు విప్పి దగ్గరికి వెళ్ళాడు. వంగి పట్టాని చూశాడు. ఏదీ ముట్టుకోలేదు. అలా ఒక నిమిషంపైన చూశాడు.

"ఏమిటి, ఫొటో తీస్తున్నారా?" కుర్చీలోంచి దుర్గాసాయి అన్నాడు. "శవానికి అంబులెన్సు తెప్పించిన మొట్టమొదటి డిటెక్టివు మీరేనండి. బల్లకట్టువాడు ఇప్పుడే ఫోను చేసి చెప్పాడు."

"పట్టాకి చెమ్మ పట్టింది."

"కింద ఐసుంది. పట్టదా?"

"ఐసు కాళ్ళవైపు నాలుగు దిమ్మలున్నాయి ఎస్సైగారూ. తలవైపు రెండే ఉన్నాయి. చెమ్మ కాళ్ళవైపు లేదు. ముఖం మీద అరచెయ్యంత మేర ఉంది."

పాట పాడుతున్నవాళ్ళలో ఒక గొంతు ఆగింది. అరుగు అంచున కూర్చున్న ముసలావిడ లేచి వచ్చింది. కనకమ్మ, పెర్సిస్ అత్తగారు.

"నేను రెండుసార్లు తుడిచాను బాబూ," అంది. గొంతు తగ్గించింది. "పిల్ల ముఖం కనబడటం లేదని తుడిచాను. మళ్ళీ పట్టింది. ఐసు వల్లనేమో అనుకున్నాను."

"ముక్కులో దూది పెట్టలేదేమమ్మా?"

"పెట్టబోతే నేనే వద్దన్నాను. చెల్లెలొచ్చి ముఖం చూసుకున్నాక పెడదామన్నాను."

చెల్లెలు ఎక్కిన బస్సు గంట ఆలస్యమైంది. ఇంకా రాలేదు.

ఆరెంపీ నిత్యానందం మూలగా నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చేతిలో తోలుసంచి. పట్టాభిరామయ్య అతని ముందుకు వెళ్ళాడు.

"మీరు వచ్చేసరికి ఎన్నయింది?"

"ఆరుకి ఐదు నిమిషాలు తక్కువండి."

"ఏం చూశారు?"

"నాడి చూశానండి. రెండు చేతులూ చూశాను. బీపీ కట్టాను. ముల్లు లేవలేదండి. చెయ్యి మంచులా ఉంది."

"మెడ చూశారా?"

"గుడ్డ చుట్టేసి ఉందండి అప్పటికే."

"కాళ్ళు?"

"అవీ కట్టేసి ఉన్నాయండి. విప్పితే ఏమనుకుంటారో అని..."

"అంటే డాక్టరు రాకముందే శవాన్ని చేసేశారు. మీరొచ్చి ఔనన్నారు."

నిత్యానందం తోలుసంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"చెయ్యి మీకు ఎవరు అందించారు?"

"ఎవరోనండి. గుంపు. వెనకనించి చెయ్యి తీసి నా చేతిలో పెట్టి, చూడండి డాక్టరుగారూ అన్నారు. నేను చెయ్యే చూశాను, మనిషిని చూడలేదు."

"ఇప్పుడు గుండె వినండి."

దుర్గాసాయి కుర్చీలోంచి లేచాడు. "శవాన్ని ముట్టుకోవడానికి లేదు. రిపోర్టు రాసేశాను."

"తప్పు రాసిన కాగితం చింపొచ్చండి. పూడ్చినాక తవ్వితే చేతికి వచ్చేది వేరే ఉంటుంది."

"నన్ను బెదిరిస్తున్నావా?"

"మీకే చెబుతున్నానండి. ఆవిడ లోపల కళ్ళు తెరిస్తే, మీ సంతకం మీద తెరుస్తుంది."

దుర్గాసాయి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఎవరూ పాడటం లేదిప్పుడు. నిత్యానందం స్టెత్తు చెవులకి పెట్టుకుని బల్ల దాకా వచ్చి, అక్కడ ఆగిపోయాడు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఏ ఆడమనిషికీ అతను మోచేతికి పైన స్టెత్తు పెట్టలేదు.

"ఇలా ఇవ్వండి," అంది కనకమ్మ. "మగాళ్ళందరూ అటు తిరగండి."

అందరూ తిరిగారు. ఎస్సై కూడా తిరిగాడు. కనకమ్మ పట్టా ఎత్తి, స్టెత్తు బిళ్ళ పట్టుకుని, కోడలి పైట కిందికి చెయ్యి పోనిచ్చింది. గొట్టం రెండో కొస నిత్యానందం చెవుల్లో ఉంది. అతను కళ్ళు మూసుకున్నాడు.

పందిరి బయట ఒక కోడి మట్టి గీరుతోంది.

నిత్యానందం పెదవులు కదిలాయి. ఒకటి, అన్నాడు. చాలాసేపు ఊరుకున్నాడు. రెండు, అన్నాడు. మళ్ళీ ఊరుకున్నాడు. మూడు అనేటప్పటికి అతని గొంతు ఆడపిల్ల గొంతులా అయిపోయింది.

"ఉందండీ," అన్నాడు. "అమ్మా, ఉందమ్మా."

కనకమ్మ అరవలేదు. కాళ్ళతో ఐసుదిమ్మల్ని బల్ల కింది నుంచి తన్నడం మొదలుపెట్టింది.

ఆ తరువాత అంతా ఒక్కసారే జరిగింది. దుప్పట్లన్నారు, బల్ల ఎత్తమన్నారు, 108 వచ్చిందన్నారు. ఆ గొడవలో పట్టాభిరామయ్య ఒక్కడే కాళ్ళ దగ్గర వంగాడు. బొటనవేళ్ళకి కట్టిన గుడ్డపేలికని చూశాడు. రెండు చుట్లు చుట్టి, కొసని కిందినుంచి లోపలికి దోపిన ముడి. తడిచేత్తో ఒక్క లాగు లాగితే ఊడిపోతుంది. అతను లాగలేదు. జేబులోంచి బ్లేడు తీసి, ముడి చెడకుండా అవతలి పక్క కోశాడు.

"ఈ ముడి ఎవరు వేశారమ్మా?"

"నేను వెయ్యలేదు బాబూ. తెల్లవారుజాము ప్రార్థనకి వెళ్ళి ఐదున్నరకి ఇంటికొచ్చాను. పిల్ల పలకలేదు. పాస్టరుగారింటికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి నలుగురు చేరారు. గడ్డం కట్టేసి ఉంది, కాళ్ళు కట్టేసి ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ములు చేశారనుకున్నాను."

అక్కడున్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నువ్వనుకున్నాను అంటే, నువ్వనుకున్నాను అన్నారు. చావింట్లో ఏ పని ఎవరు చేశారని ఎవరూ అడగరు.

"మీరు వేస్తే ఎలా వేస్తారు?"

"ముడి మీద ముడి వేస్తాం. ఇలా..." కనకమ్మ అతని అరచేతిలోని పేలికని దగ్గరగా చూసింది. ఆ మాట అక్కడే ఆగింది. ఆవిడ కొంగు సర్దుకుని బల్ల వెనకాల నడిచింది.

బల్ల తలవైపు ఏసుబాబు పట్టుకున్నాడు. మత్తయి తమ్ముడు, పెర్సిస్ మరిది. అదే చేపల చెరువుల్లో పని. పొద్దున ఆరెంపీని బండి మీద తీసుకొచ్చిందీ, ఐసు మోసిందీ అతనే. "వదినా, వదినా" అని ఏడుస్తూనే బల్లకట్టు దాకా మోశాడు.

పన్నెండింటికి 108 కదిలింది. దుర్గాసాయి నిత్యానందం భుజం మీద చెయ్యి వేశాడు.

"పదండి డాక్టరుగారూ. బతికున్న మనిషిని చచ్చిందన్నారు. స్టేషన్లో మాట్లాడుకుందాం."

"ఆయన కాదండి," అన్నాడు పట్టాభిరామయ్య. "ఆయన్ని వాడుకున్నారు. చేతిలో నాడి లేదని తెలిసినవాడు చెయ్యి అందించాడు. కాళ్ళలో ఉందని తెలిసినవాడు కాళ్ళు కట్టేశాడు. శుక్రవారం ఫిల్ము పట్టుకెళ్ళింది వాడే."

"ఎవడు వాడు?"

"ఈ ముడి వేసినవాడు."

"చెరువుల మీద ప్రతివాడూ మేతబస్తా మూతికి అదే ముడి వేస్తాడు. ఎంతమందిని పట్టుకోను?"

"అందరూ కొస పైకి వదులుతారండి. ఇది లోపలికి దోపాడు."

"గుడ్డపేలిక పట్టుకుని కోర్టుకెళ్ళండి," అన్నాడు దుర్గాసాయి. కాని ముడి కేసి రెండోసారి చూశాడు. అది పట్టాభిరామయ్య గమనించాడు.

*

సాయంత్రం ఆరున్నర. ఏలూరులో ఆసుపత్రి. మొదటి అంతస్తు వరండా.

మధ్యాహ్నం నిర్మల తనే వచ్చి, కంప్యూటరులో ఉన్న బొమ్మలు డ్యూటీ డాక్టరుకి చూపించి వెళ్ళింది. గంటగంటకీ కాలికి బీపీ కట్టి చూస్తున్నారు. నూటపది ఉంది. కడుపు కడిగితే నిద్రమాత్రల పిండి బయటపడింది. మనిషి ఇంకా కళ్ళు తెరవలేదు. పిలిస్తే కనుగుడ్లు కదులుతున్నాయి. రేపటికి మాట్లాడవచ్చన్నారు.

రేపు బుధవారం. ఎల్లుండి కోర్టు.

పట్టాభిరామయ్య దుర్గాసాయికి ఫోను చేశాడు. "తలుపు దగ్గర ఒక కానిస్టేబుల్ని పెట్టండి."

"నిత్యానందం లాకప్‌లో ఉన్నాడు. ఇంకెవరు వస్తారండి?"

"అసలువాడు."

"రేపు చూద్దాం." ఫోను పెట్టేయబోయి, ఆగాడు. "ఏలూరులోనే ఉన్నాను. ఏదైనా దొరికితే ఫోను చెయ్యండి. గుడ్డపేలిక కాకుండా."

గాజుతలుపు వెనకాల వార్డు. తలుపు పక్క రెండో మంచం మీద పెర్సిస్. చెల్లెలు బ్లెస్సీ మధ్యాహ్నం నేరుగా ఆసుపత్రికే వచ్చి, అప్పట్నించీ అక్కడే కూర్చుంది. ఏడింటికి వెళ్ళిపోవాలి. చంటిపిల్లని పక్కింట్లో వదిలి వచ్చింది.

మెట్లెక్కి ఏసుబాబు వచ్చాడు. ఒక చేతిలో అన్నం మూట, ఇంకో చేతిలో పులుసు క్యాను.

"పొద్దున్నించీ ఎవరూ తినలేదు కదండీ. పక్కింటమ్మ వండిచ్చింది. మీరూ కూర్చోండి," అన్నాడు పట్టాభిరామయ్యతో. "మీరు లేకపోతే ఈపాటికి వదినని మట్టిలో పెట్టేసేవాళ్ళం." కళ్ళు తుడుచుకున్నాడు. "రాత్రికి వదిన దగ్గర నేను కూర్చుంటానండి. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఇంట్లోవాళ్ళు ఉండాలి కదా. అమ్మ పెద్దది, తను మేలుకోలేదు."

నర్సు కూడా సరేనని రాసుకుంది. ఒక మనిషికే పాసు.

నేల మీద పేపర్లు పరిచారు. కనకమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. ఏసుబాబు అన్నంమూట విప్పి, క్యాను ముందుకు లాక్కున్నాడు. పులుసు ఒలకకుండా క్యాను మూతికి పాలిథిన్ కాగితం కప్పి, నైలాను దారంతో కట్టి ఉంది. అతను దారం కొస వెతుక్కోలేదు. వేలు కిందినుంచి పోనిచ్చి ఒక్క లాగు లాగాడు. దారం ఊడి అతని ఒళ్ళో పడింది.

కొరమీను పులుసు వాసన వరండా అంతా వచ్చింది.

అందరి ముందూ విస్తరాకుల్లో అన్నం పెట్టాడు. పులుసు వేశాడు. "బ్లెస్సీకి కాస్త ఉంచుతాను," అని క్యాను మూత మళ్ళీ కట్టాడు. రెండు చుట్లు. కొస కిందినుంచి లోపలికి.

పట్టాభిరామయ్య చెయ్యి ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగింది.

వార్డు గాజుతలుపు ఏడడుగుల దూరంలో ఉంది. తలుపు వెనక మంచం. మంచం పక్కన, ఇంకో ఇరవై నిమిషాల్లో ఖాళీ అయ్యే స్టూలు. పాసు ఏసుబాబు చొక్కా జేబులో ఉంది. పట్టాభిరామయ్య తలెత్తలేదు. ఎడమచేత్తో ఫోను తీసి, తొడ పక్కనే పెట్టుకుని, దుర్గాసాయి నంబరు నొక్కి అలా వదిలేశాడు. తరువాత అదే చెయ్యి జేబులో పెట్టి, గుడ్డపేలికని బయటికి తీశాడు. దాన్ని పులుసు క్యాను పక్కన, పేపరు మీద పెట్టాడు.

రెండు ముడులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి తెల్ల గుడ్డ, ఒకటి నీలం దారం.

ఏసుబాబు చూశాడు. అతని దవడ కదలడం మానేసింది.

కనకమ్మ కూడా చూసింది. ఆవిడ పొద్దున పందిరి కింద అరక్షణం చూసిన ముడి అది. అంతకు ముందు, కిందటేడు ఆగస్టులో, రేవులో పడవ తాడుకి చూసిన ముడి. ఆవిడ కళ్ళు క్యాను మీంచి కొడుకు చేతుల మీదికి వెళ్ళాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి. ఒక కొడుకుని నీళ్ళలోంచి తీసి ఏడాది అయింది. రెండోవాడు ఎదురుగా విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు.

ఏసుబాబు లేవబోయాడు.

కనకమ్మ ముందే లేచింది. తన విస్తరి రెండు చేతులతో ఎత్తుకుని, నాలుగడుగులు వేసి, వార్డు తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. విస్తరి ఒళ్ళో పెట్టుకుంది. కొడుకు వైపు చూసి, కూర్చోమన్నట్టు చెయ్యి కిందికి ఊపింది. చిన్నప్పుడు సగంలో లేచిపోయే పిల్లవాడికి ఊపినట్టే ఊపింది.

ఏసుబాబు కూర్చున్నాడు.

ముసలమ్మ అన్నం మానేస్తుందని పెర్సిస్ అంది. కనకమ్మ మానలేదు. ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్ళవెంట నీళ్ళు కారి పులుసులో పడుతున్నా ఇంకో ముద్ద కలిపింది. ఆవిడ తింటున్నంతసేపూ తలుపు తెరుచుకోదు.

పట్టాభిరామయ్య విస్తరి ముందుకు జరిపి, ఇంకాస్త అన్నం పెట్టమన్నట్టు చూపించాడు. ఏసుబాబు పెట్టాడు. మెతుకులు పేపరు మీద పడ్డాయి.

ఎక్కడో కింద, గేటు దగ్గర, ఒక జీపు ఆగిన చప్పుడైంది. ఎవరూ తలెత్తలేదు. ముగ్గురూ తింటూనే ఉన్నారు.